చల్లటి మంట

పాలాయన సీసా వంచి గులాబీరంగు ద్రవాన్ని ఒక్కో పళ్లెంలోకి కొలిచి వదులుతున్నాడు. అరచేతిలో ఇమిడే ఆ పళ్లేల అడుగున కంటికి కనబడని క్యాన్సర్ కణాలున్నాయి. వాటికి వేళకి ఈ ద్రవం పట్టాలి, వెచ్చటి పెట్టెలో పెట్టాలి, పెరుగుతున్నాయో లేదో చూడాలి. దాన్ని "పాలు పట్టడం" అని ఇరవై రెండేళ్ల కిందట ఎవరో నవ్వులాటకన్నారు. ఆ రోజుతో అతని అసలు పేరు పోయింది. పెంచేది చంపడానికే. ఇంత పాపిష్టి పాలు ఇంకెవరు పోస్తారు చెప్పండి!

పదింటికి సైంటిస్టు మేడమ్ వచ్చింది. స్విచ్ వేస్తే సన్నటి గాజుగొట్టం కొసన అగ్గిపుల్లంత ఊదారంగు మంట బుస్సుమంది. వేలు పెట్టినా కాలదది, చల్లగాలి తగిలినట్టుంటుంది. నిమిషం సేపు చూపిస్తే చాలు, మర్నాటికి పళ్లెంలో కణాలు చచ్చి తేలతాయి.

"మేడమ్, ఇది కడుపులోకి పోదా?" ఈ నెలలో నాలుగోసారి అడిగాడు.

ఆమె విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. "పళ్లెంలో ఉండేది ఒక్క పొర, బాబాయ్. మనిషిలో గడ్డ లోతుగా ఉంటుంది. అంత లోతు ఇంకా మా వల్ల కావట్లేదు."

ఆ పూటే గొట్టానికి పగులొచ్చింది. కొత్తది బిగించి, పాతదానికి తెల్ల టేపు చుట్టి, "పనికిరాదు" అని రాసి, చెత్తలో వేద్దామని జేబులో పెట్టుకుని మర్చిపోయాడు.

మధ్యాహ్నం రోడ్డు దాటి ఆసుపత్రికెళ్లాడు. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం మీద అక్క. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. ఇప్పుడు కడుపులో గడ్డ, డాక్టర్లు చేతులెత్తేశారు. ఆమె మాత్రం పక్క మంచాలవాళ్లకి గొప్పలు చెప్పడం మానలేదు. "మా తమ్ముడు దీన్ని నిమిషంలో చంపేస్తాడు!"

"పరువు తియ్యకక్కా. నేను సీసాలు కడిగేవాణ్ణి."

"నోర్ముయ్. జేబులో ఏంట్రా అది?"

చూపించక తప్పలేదు. ఆమె లాక్కుని వెలుతురుకి ఎత్తి చూసింది. "ఇదేనా? ఓసారి పెట్టరా," అంటూ దుప్పటి తొలగించింది.

"దీనికి కరెంటు కావాలి, గ్యాస్ కావాలి. పైగా పగిలింది. రాసుంది చూడు."

"రాసింది నువ్వే కదా!"

ఉబ్బిన పొట్ట మీద గొట్టం కొస ఆనించి, అరవై దాకా లెక్కపెట్టాడు. లక్షల కణాలు చచ్చే గదిలో పనిచేస్తూ ఇంటి మనిషికి ఏమీ చెయ్యలేని తన బతుకు మీద అతనికి రోతపుట్టింది.

"చల్లగా ఉందిరా," అంది అక్క. ఉత్త అబద్ధం. ఇంతసేపూ అతని జేబులో ఉన్న గాజు వెచ్చగానే ఉంది.

"తిన్నావా?"

"తిన్నా." అతనూ అబద్ధమే చెప్పాడు.

గొట్టం ఆమె తిరిగివ్వలేదు. "రేపు ఇంకో నిమిషం," అని కళ్లు మూసుకుంది.

సాయంత్రం ఐదున్నరకి మంట చూపించని పళ్లేలకి మళ్లీ పాలు పట్టి, పెట్టె తలుపు మూస్తుంటే ఫోన్ మోగింది. అక్క నిద్రలోనే పోయిందట. అలవాటుగా చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్లాడు.

నర్సు ఒక కవరు చేతికిచ్చింది. అందులో కళ్లజోడు, దువ్వెన, గాజుగొట్టం ఉన్నాయి.

"ఇది గుప్పిట్లోంచి తియ్యడానికి కష్టమైందండీ," అంది.

అతను గొట్టం తిప్పి చూశాడు. టేపు మీద "రాదు"ని గోటితో గీకేసి ఉంది. "పనికి" ఒక్కటే మిగిలింది.