తెర వెనక గిటారు

భర్త పోయిన మూడో నెలలో ఆమెకు ఆ పుస్తకం పని వచ్చింది. ప్రచురణకర్త ఇంటికే వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ‘రేకుల షెడ్డు’ చరిత్ర రాసిపెట్టమని అడిగాడు. ఆ పేరు తెలియనివాళ్లు లేరు. నలుగురు కుర్రాళ్లు ఒక పాత షెడ్డులో మొదలుపెట్టిన రాక్ బ్యాండు అది. ఆ షెడ్డు పేరే పెట్టుకుని ఇరవై ఏళ్లపాటు స్టేడియాలు నింపారు. గాయకుడు, గిటారిస్టు, బేస్ వాయించేవాడు, డ్రమ్మరు, నలుగురికీ ఇప్పుడు అరవై దాటాయి. వాళ్ల మీద అప్పటికే నాలుగు పుస్తకాలున్నాయి, నాలుగూ భజనలే. ఈసారి నిజం రాయించాలని గాయకుడికే బుద్ధి పుట్టిందట. ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు, మేం అడ్డం రాము అని నలుగురూ కాగితం మీద సంతకాలు చేసి ఇచ్చారు.

ఆమె పదిహేనేళ్లు పత్రికలో పనిచేసిన మనిషి. కాదనడానికి కారణం వెతుక్కునే ఓపిక లేక ఒప్పుకుంది.

ఆ రోజుల్లో ఆమెకు ఏదీ తగిలేది కాదు. తింటే గడ్డి నమిలినట్టుండేది. కర్టెన్లన్నీ బిగించి పడుకున్నా రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఎండైనా వానైనా ఒకటే. ఆసుపత్రి నుంచి ఒంటరిగా తిరిగొచ్చిన రోజు ఏడుపు రాలేదు. చెల్లెలు వచ్చి ఒళ్లో తల పెట్టి ఏడ్చిన రోజూ రాలేదు. “రాయిలా ఉన్నావేంటే అక్కా” అంది చెల్లెలు. అవును, అలాగే ఉంది అనుకుందామె. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

అదే పనికి కలిసొచ్చింది. ఆమె ఎదుట కూర్చున్నవాళ్లకు గోడతో చెప్పుకుంటున్నట్టుండేది కాబోలు, కడుపులో ఉన్నదంతా కక్కేసేవాళ్లు. డ్రమ్మరు తన మొదటి పెళ్లి ఎలా చెడిందో చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. బేస్ వాయించేవాడు తాగుడు మానడానికి ఎన్నిసార్లు ఒట్టేశాడో, ఎన్నిసార్లు గట్టు మీద పెట్టాడో తేదీలతో సహా చెప్పాడు. ఆమె మొహం మారేది కాదు. రాసుకునేది, రికార్డరులో బ్యాటరీ చూసుకునేది, ఇంకో ప్రశ్న అడిగేది.

ఆమెకు ఒక నియమం ఉండేది. ఏ సంగతైనా ఇద్దరు మనుషులు విడివిడిగా చెప్పాలి, లేదా ఒక మనిషీ ఒక కాగితమూ ఒకే మాట చెప్పాలి. అంతవరకూ అది పుస్తకంలోకి ఎక్కదు. అందుకే గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేసింది, హాళ్ల బుకింగు పుస్తకాలు చూసింది, బ్యాండు సామాన్లు మోసిన లారీల లోడింగు కాగితాలు కూడా వదల్లేదు. ఆ కాగితాల దగ్గరే ఆమె పెన్సిలు ఆగింది.

బ్యాండు పుట్టిన పన్నెండో ఏట వాళ్లు పెద్ద టూరు చేశారు. పదహారు నెలలు, ఊరు తర్వాత ఊరు. చివరి ప్రదర్శననే రికార్డు చేసి ఆల్బంగా వదిలారు. అందులో గిటారు విని జనం వెర్రెత్తిపోయారు. ఆ టూరు అయిన వారానికే గిటారిస్టు బ్యాండు వదిలేశాడు. చేతి నరం దెబ్బతిందని నాలుగు పుస్తకాలూ ఒకే మాటగా రాశాయి. మనిషి ఈనెపుల్లలా ఉండేవాడని అతన్ని అందరూ ‘బక్కోడు’ అనేవాళ్లు. ఆ టూరు లోడింగు కాగితాల్లో ప్రతి ఊరి కిందా ఒకే వరస కనిపించింది: ‘తెర వెనక: గిటారు ఒకటి, స్పీకరు ఒకటి, కుర్చీ ఒకటి.’

గాయకుడిని అడిగితే నవ్వేశాడు. తీగ తెగితే పనికొస్తుందని అదనంగా పెట్టుకున్న గిటారమ్మా అన్నాడు.

“మరి కుర్చీ ఎందుకు సార్?”

ఆయన గ్లాసులో నీళ్లు తాగి, పాత ఫొటోలు చూస్తారా అన్నాడు.

ఆమె ఆ టూరుకు సౌండు చూసిన ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఇప్పుడు మైకులు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు. వెనక గదిలో గోడలనిండా నల్ల స్పాంజి అతికించి ఉంది. కుర్చీ సంగతి అడగ్గానే ఆయన దుకాణం తలుపు దగ్గరగా వేసొచ్చాడు. ఎవరో ఒకరు అడుగుతారని ముప్ఫై ఏళ్లుగా ఎదురుచూస్తున్నానని చెప్పి, బీరువాలోంచి రెండు టేపులు తీశాడు.

మొదటిది లోకమంతా విన్న గిటారే. రెండోది అదే రోజు, అదే వేదిక మీద బక్కోడి చేతిలో ఉన్న గిటారు. అది స్పీకర్లలోకి వెళ్లకుండా ఈయనే కట్ చేశాడు, కానీ ఎందుకో రికార్డు చేసి పెట్టుకున్నాడు. మొదటి రెండు పాటల్లో రెండు గిటార్లకూ తేడా లేదు. మూడో పాటకు లైట్ల వేడికి తీగలు సడలాయి. వినపడే మనిషైతే పాటకూ పాటకూ మధ్య బిగించుకుంటాడు. ఈ వాయించేవాడు బిగించుకోలేదు. వేళ్లు ఎక్కడ పడాలో అక్కడే పడుతున్నాయి, తాళం వెంట్రుకవాసి తప్పలేదు, వచ్చే స్వరం మాత్రం తప్పు. అయిదో పాటకొచ్చేసరికి అది వేరే పాటలా ఉంది.

“చెవులు పోయాయి మేడమ్” అన్నాడు ఇంజనీరు. “టూరు మొదలయ్యేసరికే ముప్పావు వంతు పోయాయి. ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.”

వినేవాళ్లెవరైనా ఆ టేపు దగ్గర కదిలిపోయేవాళ్లే. ఆమె నిమిషాలూ సెకన్లూ రాసుకుని, నకలు కావాలని అడిగింది.

తెర వెనక కుర్చీలో కూర్చుని వాయించింది బక్కోడి బావమరిది. అతను ఒక బడిలో సంగీతం మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మొదటిసారి వెళ్తే, తాను టీలు అందించడానికే వెళ్లేవాణ్ణని దులిపేసుకున్నాడు. రెండోసారి ఆమె టేపు సంగతి చెప్పింది. అతను చాలాసేపు గోళ్లు చూసుకున్నాడు.

“బావ ఎలా వాయిస్తాడో అచ్చం అలాగే వాయించాలి కదండీ. ఆయన తప్పులు కూడా నేర్చుకున్నాను” అన్నాడు. “టూరు అయ్యాక నా పద్ధతిలో వాయిద్దామని కూర్చుంటే, నా పద్ధతేమిటో గుర్తుకు రాలేదు. ఇప్పటికీ రాలేదు.” తర్వాత, మిగతాది మా అక్కని అడగండి, ఆవిడ చెప్పమంటేనే కూర్చున్నాను అన్నాడు.

బక్కోడి ఇల్లు వీధి చివర. ముందు రెండు గదులు, వెనక వంటగది, దాని కిటికీకి ఆనుకునే పెరట్లో చిన్న పాక. ఆ పాకలో ఆయన విరిగిన కుర్చీలు బాగుచేస్తుంటాడు. అప్పటికి ఆయనకు చెవులు పూర్తిగా పోయి పాతికేళ్లు. ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు, లేదంటే రాసి చూపించాలి.

ఆయన భార్య ఆమెను వంటగదిలోనే కూర్చోబెట్టి అంతా ఒప్పుకుంది. డాక్టరు ముందు తనతోనే చెప్పాడట. గిటారు లేకపోతే నేనెంతలే, గాలి పోయిన బుడగని అనేవాడట ఆయన. అప్పటికే టూరు ఖాయమైపోయింది. గాయకుడూ తనూ కూర్చుని ఆలోచించి తమ్ముణ్ణి పిలిపించారు. టూరయ్యాక చెవుల సంగతి డాక్టరు ద్వారా మెల్లగా చెప్పించి మాన్పించారు.

“తెర వెనక సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదమ్మా” అందావిడ. “ఆ ఆల్బం మీద తన ఫొటో చూసుకుని మురిసిపోతుంటారు. మీరు రాస్తే చదువుతారు కదా.”

ఆయనకు తెలియకుండా అచ్చు వేయడం తనవల్ల కాదని, వేయకుండా ఉండటమూ తనవల్ల కాదని రచయిత్రి చెప్పింది. ఆ మాట గట్టిగా అనలేదు, మెత్తగానూ అనలేదు. ఆవిడ పొయ్యి కట్టేసింది.

“అయితే మీరే చెప్పండి. ఇన్నేళ్లు దాచిన నోటితో నేను చెప్పలేను.”

రచయిత్రి పెరట్లోకి వెళ్లింది. ఆయన ఒక కుర్చీని తలకిందులుగా పెట్టుకుని కాలు బిగిస్తున్నాడు. ఎదురుగా ఉన్న పీట మీద ఆమె కూర్చుంది. వంటగది కిటికీ ఆయన వీపుకు వెనక ఉంది. అందులో ఆయన భార్య కనిపిస్తోంది. రచయిత్రి నోటుపుస్తకంలో నాలుగు వరసలు రాసి చూపించింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చదివాడు, ఇంకోసారి చదివాడు.

“తెలుసు” అన్నాడు.

చెవుడు వచ్చినవాళ్లకు తమ గొంతు తమకు వినపడదు. ఆయన రహస్యం చెబుతున్నాననుకుని ముందుకు వంగాడు కానీ, ఆ గొంతు పక్కింటికి కూడా వినపడేలా ఉంది.

“మూడో ఊళ్లోనే తెలిసింది. నా కాలి దగ్గర స్పీకరుండేది, తీగ మీటితే పిక్కకి దడ తగిలేది. ఆ రోజు తగల్లేదు. సగం పాట ఆపేసి చూశాను. జనం ఊగుతూనే ఉన్నారు. వెనక్కి తిరిగితే తెర కింద చెప్పులు కనపడ్డాయి. మా బావమరిదివి. నేను కొనిచ్చినవే.” ఆయన నవ్వాడు. “వాడు బాగా వాయించాడటగా?”

కిటికీలో ఆయన భార్య చేతిలో గిన్నె ఉంది. గిన్నె తుడవడం ఆగిపోయింది.

మెల్లగా మాట్లాడమని చెప్పడానికి రచయిత్రి చెయ్యి ఎత్తబోయి, దించేసింది. ఎందుకు దించిందో తనకే తెలియలేదు. ఎందుకు కొనసాగించారని రాసి చూపించింది.

“మా ఆవిడ ప్రతి ఊరూ వచ్చేది. ముందు వరసలో నిల్చుని నన్నే చూసేది, ఎక్కడ పడిపోతానో అన్నట్టు. నాకోసం ఇంత చేసిన మనిషి ముందు, నాకు తెలిసిపోయిందని ఎలా చెప్పను? పదహారు నెలలు ఒట్టి తీగలు మీటాను.” ఆయన కుర్చీ కాలు మీద చెయ్యి వేశాడు. “రాసుకోండి. కానీ తనకి ముందే చెప్పకండి. నేనే చెప్తాను, ఎప్పుడో.”

వెనక తలుపు తెరుచుకుంది. ఆవిడ పెరట్లోకి వచ్చి, ఆయన వెనకనుంచి ఏదో అంది. ఆయనకు వినపడలేదు. అప్పుడు చుట్టూ తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. చేతిలో సుత్తి కింద పెట్టాడు.

“నేను గట్టిగా మాట్లాడానా?” అని అడిగాడు.

“ఊరంతా వింది” అందావిడ, పెదాలు స్పష్టంగా కదుపుతూ. “ముప్ఫై ఏళ్లు నన్ను దొంగని చేశారు మీరు. ఆల్బం బొమ్మ మీరు చూస్తున్నప్పుడల్లా నేను పక్కగదిలోకి పోయేదాన్ని.”

“నువ్వు పక్కగదిలోకి పోయావో లేదో చూడ్డానికే చూసేవాణ్ణి” అన్నాడాయన.

ఆవిడ భుజం మీది తువ్వాలు తీసి ఆయన్ను ఒక్కటి వేసింది. తర్వాత అక్కడే, కర్రపొట్టులో, ఆయన మోకాలికి ఆనుకుని కూలబడిపోయింది. రచయిత్రి రికార్డరు ఆపేసి, లేచి వచ్చేసింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. చివరి నెలలో డాక్టరు తనను బయటికి పిలిచి చెప్పిన మాట, లోపలికెళ్లి తను భర్తతో అన్న వేరే మాట గుర్తొచ్చాయి. ఇంటికెళ్లేటప్పుడు వేసుకోవడానికి చొక్కాలు ఇస్త్రీ చేయించి తెమ్మన్నాడు ఆయన. ఆమె చేయించి తెచ్చింది. బాగున్నాయి అన్నాడు. ఆయనకు తెలుసా? తెలిసే అడిగాడా? ఇద్దరు చెబితేగాని నమ్మని మనిషికి, ఈ ఒక్క సంగతి అడగడానికి ఒక్కరు కూడా లేరు. ఆమె నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, కింద ఏమీ రాయకుండా మూసేసింది. దిగాల్సిన స్టాపు దాటిపోయిందని కండక్టరు చెబితే దిగి, వెనక్కి నడిచింది.

ఆ అధ్యాయం చదివాక గాయకుడు ఫోను చేశాడు. సంతకం చేసి ఇచ్చారు కదా సార్ అందామె.

“నిజమంటే తాగామనీ, తిరిగామనీ, కొట్టుకున్నామనీ రాస్తారనుకున్నాం. అవి ఎన్నైనా రాయండి, ఒప్పుకుంటాం. ఇది కాదు.”

“ఇది కూడా జరిగింది కదా సార్.”

జరిగింది అన్నాడు. ఫోను పెట్టేశాడు. తర్వాత ఆమెతో మాట్లాడలేదు. పుస్తకం విడుదలకూ రాలేదు. బక్కోడు వచ్చాడు, ముందు వరసలో భార్య పక్కన కూర్చుని, మాట్లాడేవాళ్ల పెదాలు చూస్తూ. కొంతమంది అభిమానులు మోసమని తిట్టారు. ఇంకొంతమంది ఆ ఆల్బం తీసి మళ్లీ విన్నామని ఉత్తరాలు రాశారు. బావమరిది మాత్రం పుస్తకం కొనుక్కుని, తన గురించి ఉన్న పేజీకి కాగితం ముక్క పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

ఆమె మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. ఎలా జరిగిందని చెల్లెలు ఫోను చేసింది. బాగానే జరిగిందని చెప్పి, “రేపు ఓసారి రావే” అంది. ఆ మాట ఆమె నోట విని చెల్లెలికి చాలా కాలమైంది. ఎందుకని అడగలేదు, పొద్దున్నే వస్తానంది. ఆమె చెప్పులు విడిచి, కర్టెన్లు కూడా వేయకుండా, వెలుతురులోనే పడుకుంది. మర్నాడు చెల్లెలు తలుపు కొట్టేదాకా మెలకువ రాలేదు.