పంటితో విప్పే ముడి

భావనపాడులో కూర్మమ్మ ఇల్లు తెల్లారకముందే కత్తెర చప్పుడుతో లేస్తుంది. చేపల గంపతో టెక్కలి బయలుదేరేముందు ఆమె మాత్రల అట్టల్లోంచి ఆ పూటవి కత్తిరించుకుంటుంది. అక్కడ సద్దన్నం తినేముందు షుగరుది, తిన్నాక బీపీది. అట్ట మొత్తం కొంగుముడిలో ఇమడదు కనుక ముక్కలే ముడివేసుకుంటుంది. ఇందులో భయపడాల్సిందేముందని మీరూ అనుకుంటారు.

కోడలు అనూరాధకు పెళ్లయి రెండు నెలలు కాలేదు. సముద్రపు హోరు, భర్త వినోద్ వలలోంచి ఏరి తెచ్చే గవ్వలు, అత్త వండే నెత్తళ్ల పులుసు, ఆ ఇంట్లో అన్నీ ఆమెకు ముచ్చటే. ఆ ఉత్సాహంతోనే అత్త కోసం శ్రీకాకుళంలో మాత్రల డబ్బా కొన్నది. రోజుకొకటి చొప్పున ఏడు గదులు, ఏడు రంగుల మూతలు. మూస్తే టిక్కుమంటుంది. ఆ చప్పుడు కోసమే దారి పొడుగునా తెరిచి మూసింది.

"బాగున్నాదే గుంటా!" అంది కూర్మమ్మ. వారం తిరగకముందే అందులోకి పిన్నీసులు చేరాయి.

"మాత్రలేవీ అత్తా?"

"కొంగునున్నాయి. నా కొంగుకంటే గొప్పదేటి నీ డబ్బా?"

ఒక ఉదయం వినోద్ ఫోను మోగింది. కూర్మమ్మ పక్కనే చేపలమ్మే జగ్గమ్మ గొంతు.

"ఒరే వినోదూ, మీ అమ్మ గంప పక్కనే ఒరిగిపోనాది! ఒళ్లంతా సెమట. ఆస్పత్రికి ఎత్తుకెళ్తన్నాం, బేగి రా!"

ఉప్పుమడుల మధ్య రోడ్డు ఆ రోజు ఎంతకీ తరగలేదు. బండి వెనక కూర్చున్న అనూరాధ వేళ్లు భర్త చొక్కాను బిగించి పట్టుకున్నాయి. వాళ్లు చేరేసరికి కూర్మమ్మకు గ్లూకోజు ఎక్కుతోంది. ఆమె కొంగులో దొరికిన రెండు ఖాళీ ముక్కలూ ఒకే అట్టవని, రక్తంలో షుగరు పడిపోయింది కనుక అవి షుగరు మాత్రవేనని డాక్టరమ్మ చూపించింది. చీకట్లో కత్తెర ఒకే అట్ట మీద రెండుసార్లు పడింది. మందు పేరు మిగతా అట్ట మీదే ఉండిపోవడంతో ముక్కల్లో తేడా తెలియలేదు.

"ఒకటి వేసుకోవాల్సిన చోట రెండు వేసుకున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం దక్కేది కాదు."

"డబ్బా ఇచ్చినా వాడవు. ఏటమ్మా నీ మొండితనం?" అన్నాడు వినోద్.

అనూరాధా అదే అనబోయింది. కానీ ఎందుకు వాడలేదో తనకు తెలియదని అప్పుడే తోచింది.

అత్త కోలుకుని మళ్లీ బయలుదేరిన రోజు అనూరాధ కూడా టెక్కలి వెళ్లింది. పక్కన కూర్చుని అత్త చేతులనే చూసింది. చేపల జిగురు, పొలుసులు. తడి ఆరే క్షణమే లేదు. గోళ్లు అరిగిపోయిన ఆ వేళ్లకు డబ్బా చిన్న మూత లేస్తుందా? పైగా దాని మీదివి ఇంగ్లీషు అక్షరాలు. మాత్రల వేళకు కూర్మమ్మ కొంగు ఎత్తి పంటితో ముడి విప్పింది. ఆ పనికి ఖాళీగా ఉన్నది పళ్లే!

ఇంటికొచ్చి వినోద్ పాత రెయిన్‌కోటు ముక్కతో రొంటిన దోపుకునే సంచి కుట్టింది. అట్ట కత్తిరించకుండా పట్టేంత పొడవు, రెండు అరలు. షుగరు అర మీద ఒక గవ్వ కుట్టింది. పంటితో లాగడానికి రెండింటికీ తాడు కొసలు వదిలింది.

"గవ్వ తగిలితే అన్నానికి ముందు, అత్తా. ఒక్కటే."

"సరేలే, నానేటి సంటిపిల్లనా?"

సంచితో వెళ్లిన మొదటి రోజు కూర్మమ్మ ఫోనెత్తలేదు. అనూరాధ రోడ్డు మీదకు వచ్చి నిలబడింది. ఒక ఆటో ఆగలేదు. మరొకటి ఖాళీగా వచ్చింది. మళ్లీ ఫోను చేసింది. ఇంకో ఆటోలోంచి ముందు గంప దిగింది, తర్వాత కూర్మమ్మ.

"ఫోనెందుకు ఎత్తలేదత్తా? సచ్చిపోయాను భయంతో!"

"సేపల సేత్తో ఫోనెలాగెత్తుతానే? దానికీ ఓ గవ్వ కుట్టు!" అని నవ్వి సంచి చేతిలో పెట్టింది. రెండు అట్టల్లోనూ ఒక్కొక్క మాత్రే తగ్గింది.

అనూరాధ అక్కడే ఏడ్చేసింది, నవ్వేసింది.

వస్తువులు తయారుచేసేవారూ, ప్రేమగా కొనిచ్చేవారూ! వాటిని వాడని మనిషిని మొండి అనకండి. ముందు ఆ మనిషి పక్కన ఒక్క పూట కూర్చుని, ఆ చేతులు ఏం చేస్తున్నాయో చూడండి.