అపర్ణ ఫుట్‌నోటు

పక్క మార్జిన్‌లో చిన్న అక్షరాలతో మంత్రం పేరు, పేజీ అడుగున ఫుట్‌నోట్లు. ఇలాంటి పుస్తకం ఇకమీద ముట్టుకోనని ప్రతిసారీ ఒట్టేసుకుంటాను, ప్రతిసారీ ఒప్పుకుంటాను. అమలాపురంలో సంస్కృతం తప్పుల్లేకుండా కంపోజ్ చేసేది నేనొక్కదాన్నేనని జనం నమ్మకం. నాకూ కాస్త గర్వమే.

ఈసారి తెచ్చినవారు బాలగంగాధరం గారు. పెళ్లి మంత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్యానం. అడుగున నోట్లన్నీ ఆయన కూతురు అపర్ణవి. ఆమె కాలేజీలో సంస్కృతం చెప్పేది. నిరుడు జ్వరంతో పోయింది. సంవత్సరీకం నాటికి పుస్తకం చేతికి రావాలని ఆయన పట్టుదల.

అంతా సర్దుకుంది కానీ పాణిగ్రహణం దగ్గర పేచీ వచ్చింది. పేరా ఈ పేజీలో ఉంటే, దాని పక్కన ఉండాల్సిన మార్జిన్ పేరు తర్వాతి పేజీలోకి జారుతోంది. పైకి లాగితే ఫుట్‌నోటు సగం మాయమవుతోంది. అక్షరాలు తగ్గించాను, వరసలు దగ్గరకు జరిపాను, ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి నోరారా తిట్టాను. తలప్రాణం తోకకొచ్చాక విషయం తేలింది. అపర్ణ నోటు మరీ పొడుగు. పై పేరా, కింది నోటు ఒక పేజీలో పట్టవు. ఏదో ఒకటి కొయ్యాలి.

నోటు కొంచెం తగ్గించమని ఆయనకు చెప్పాను. ఆయన ప్రూఫు తీసుకుని తన పేరానే కొట్టేసుకుంటూ పోయారు. ఒక్క వాక్యం మిగిలింది: 'వధువు మౌనమే అంగీకారం.' దాని కింద పేజీ నిండా అపర్ణే. 'ఇక్కడ నాన్నగారితో నేను ఏకీభవించను. మాట్లాడనివ్వకపోవడాన్ని ఒప్పుకోవడం అనకూడదు' అని మొదలుపెట్టింది.

మార్జిన్ పేరు బుద్ధిగా తన చోట నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం లేవలేదు.

"ఫుట్‌నోటుకి ఇంకో ఫుట్‌నోటు పడుతుందా అమ్మా?" అనడిగారు.

ఈ సాఫ్ట్‌వేర్‌లో పడదని చెప్పి, ఏం రాయాలని అడిగాను.

"ఇది రాసి నాకే ముందు చూపించిందమ్మా. చదివేను. ఏమీ అనకుండా కాగితాలు తిరిగిచ్చేసేను. 'నువ్వన్నదే నిజం' అని రాద్దామని."

అయితే పై వాక్యమే దిద్దేద్దామన్నాను. దిద్దితే దాని నోటుకి పనేముంటుంది, తీసెయ్యాల్సిందేగా అన్నారు. పోనీ నోటు చివర కలుపుతానన్నాను. అప్పుడు అదీ అపర్ణ అన్నమాటే అయిపోతుందన్నారు. నిజమే. నాకు ఏడుపొచ్చింది. ఇన్ని కిటుకులు తెలిసీ ఆ పెద్దాయనకు ఒక్క వరస చోటు చూపించలేకపోతున్నాను.

"ముందుమాటలో రాయండి మాస్టారూ. అక్కడ బోలెడు చోటుందండీ."

ఆయన కండువాతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ముందుమాట ఊరంతా చదువుతుందమ్మా. ఇది మా అపర్ణ చదవాలి కదా."

పేజీని అలాగే ప్రెస్సుకు పంపాను.