మందుల గదిలో ఏడేళ్లు

సూపర్‌మార్కెట్‌లో చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం హరిత మెడలోని కార్డు తీసి కౌంటరు మీద పెట్టేసి బయటికి వచ్చేసింది. సరుకులు సర్దే పని, నెలకు ఎనిమిది వేలు అని చెప్పి తీసుకున్నారు. పొద్దున అరల దగ్గర పెట్టారు. పదకొండుకు బిల్లులు కొట్టమన్నారు. పన్నెండు దాటాక గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకు నవ్వుతూ నమస్కారం పెట్టమన్నారు. నెత్తిమీద మైకులో ఆఫర్లు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. ఆ మోతకు ఆమె మాట ఆమెకే వినబడటం మానేసింది. అంతకు ముందు సెల్‌ఫోన్ల షాపులో ఆరు రోజులు, చీరల షాపులో రెండు రోజులు. మూడు నెలల్లో మూడు ఉద్యోగాలు పోయాయి.

మే నెల ఎండలో ఆమె ఇంటికి పోలేదు. రెండు కిలోమీటర్లు నడిచి పాతూరులో వర్తక మిత్ర సంఘం వాళ్ల ఉచిత మందుల కేంద్రానికి వెళ్లింది. ఉద్యోగం పోయిన ప్రతిసారీ మళ్లీ అక్కడికే వెళ్లేది.

ఇళ్లలో మిగిలిపోయిన మందులు, డాక్టర్లకు వచ్చే శాంపుళ్లు సంచుల్లో అక్కడికి చేరుతాయి. డాక్టరు చీటీ తెచ్చిన బీదవాళ్లకు వాటిని ఉచితంగా ఇస్తారు. చీటీ చదివి మందు ఇవ్వడం రిటైరైన కాంపౌండరు గంగాధరప్ప పని. ఆ మందు ఏ అరలో ఉంది, ఎన్ని మాత్రలున్నాయి, ఇంకెన్ని నెలలు పనికొస్తుంది, ఇదంతా హరిత పని. కంపెనీ పేరుతో కాకుండా లోపలున్న మందు పేరుతో సర్దాలన్న ఆలోచన కూడా ఆమెదే. పందొమ్మిదో ఏట బెంగళూరు డాక్టరు ఆటిజం అన్నాడు. వీధిలోవాళ్లు దానికి వేరే పేర్లు పెట్టుకున్నారు. ఆ వెనకగదిలో మాత్రం ఏ పేరూ అక్కరలేదు. మైకు లేదు, నవ్వాల్సిన పని లేదు, ఒక పని మధ్యలో ఇంకోటి చెప్పేవాళ్లు లేరు. ఇరవై ఒకటో ఏట ఆ గదిలో అడుగుపెట్టింది, ఇప్పుడు ఇరవై ఎనిమిది. పదింటి నుంచి అయిదు దాకా పని, ఆదివారం సెలవు, రోజూ ఒక టీ. దీనికి సేవ అని పేరు. సేవ చేసేవాళ్లను ఊరంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకోవడానికి దమ్మిడీ ఖర్చు కాదు మరి.

ఆ రోజు తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది. మందులు సర్దడానికి అసిస్టెంటు కావాలట, జీతం తొమ్మిది వేలట. బెంగళూరు దాత ఒకాయన రెండేళ్ల జీతం ముందే పంపాడని గంగాధరప్ప చెప్పాడు. హరిత కాగితాన్ని మూడుసార్లు చదివింది. అందులో రాసిన పనులన్నీ ఆమె రోజూ చేసేవే. ఇన్నాళ్లకు తనకు సరిపోయే ఉద్యోగం తనున్న చోటికే నడిచి వచ్చిందనుకుంది. సంతోషంతో చేతులు గాల్లో ఆడటం ఆగలేదు. తెల్లకాగితం మీద అర్జీ రాసి సంఘం సెక్రటరీ వేణుగోపాల్ బల్ల మీద పెట్టింది.

వేణుగోపాల్‌కు సిమెంటు వ్యాపారం. ఊళ్లో మంచి పేరున్న మనిషి. అర్జీ చదివి నవ్వాడు.

"నీకెందుకమ్మా జీతం? నువ్వు మన ఇంటి పిల్లవి. ఎప్పుడన్నా కాదన్నామా?"

ఆ ఉద్యోగం తన బావమరిది కొడుకు దివాకర్‌కు ఇస్తానని మాటిచ్చేశాడట. పాపం డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడట. రేపే వస్తాడు, ఏది యాడుండాదో ఒక వారం నేర్పిస్తే చాలన్నాడు.

హరిత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. తిరిగొచ్చింది. మళ్లీ నడిచింది. ఈ పని తను చేస్తోంది కాబట్టి ఆ తొమ్మిది వేలు తనకే ఇవ్వాలని ఆగి చెప్పింది. చెప్పిందే నాలుగుసార్లు చెప్పింది. వేణుగోపాల్‌కు ఓపిక అయిపోయింది.

"మీ నాయన నెలనెలా వెయ్యి చందా ఇస్తాండాడు, తెలుసా? పిల్లను రానియ్యండి, అదే చాలని. అట్లాంటిది మేం నీకు జీతమిచ్చేది ఏముండాది?"

హరిత తిన్నగా తండ్రి కొట్టుకు వెళ్లింది. నాగేశ్వరయ్య కందిపప్పు తూస్తున్నాడు. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు చేతకాదు. బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ అడిగేసింది. ఆయన తూకం పూర్తిచేసి పొట్లం కట్టి, అప్పుడు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇచ్చినా. ఏడేండ్లుగా ఇస్తాండా. నీకు ఆడ కుదురుగా ఉండాది కదా. వాళ్లు వద్దంటే ఇంక యాడికి పోతావు తల్లీ?"

"నేను పని చేసేదానికి నువ్వు వాళ్లకు కూలి ఇచ్చినావా, నాయనా?"

నాగేశ్వరయ్య కొట్లో మూటలు మోసే గోవిందప్పకు రోజుకు నాలుగు వందలు. సాయంత్రం ఆ దుడ్లు చేతిలో పడేదాకా గోవిందప్ప గడప దాటడు, దాటమని ఈయనా ఎప్పుడూ అనలేదు. మోసినవాడికి ఇవ్వాలన్నది అంత బాగా తెలిసిన మనిషి, కూతురి దగ్గరికి వచ్చేసరికి ఎదురు తానే చెల్లిస్తూ వచ్చాడు. పైగా దాన్ని బాధ్యత అనుకున్నాడు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. సిగ్గేసింది.

మర్నాడు పదింటికి హరిత వెళ్లేసరికి దివాకర్ అరల ముందు నిలబడి ఉన్నాడు. శింగనమల నుంచి బస్సెక్కి వచ్చిన హనుమంతమ్మ అనే ముసలామె బీపీ మాత్రల చీటీ ఇచ్చింది. దివాకర్ నాలుగు డబ్బాలు తెరిచాడు, మూశాడు. చెమటలు పట్టాయి. అతన్ని అని ప్రయోజనం లేదు, అతనికీ కావలసింది ఒక ఉద్యోగమే. ముసలామె నిలబడలేక గోడ పట్టుకుంది. హరిత వెళ్లి రెండో అరలోంచి రెండు షీట్లు తీసి, తేదీ చూసి, గంగాధరప్ప చేతిలో పెట్టింది.

"ఎట్ల కనుక్కున్నావక్కా? చెప్పు, రాసుకుంటా," అన్నాడు దివాకర్.

"ఆయమ్మకు కావల్ల కాబట్టి తీసిచ్చినా. నీకు నేర్పించను. అది జీతం పని."

చెప్పి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. మెట్లు కాలుతున్నాయి. లేచి, మళ్లీ కూర్చుంది. వేణుగోపాల్ బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి నాగేశ్వరయ్యకు ఫోన్ చేశాడు. ఆయన కొట్టు గోవిందప్పకు అప్పగించి స్కూటరు మీద వచ్చాడు. పిల్లను ఇంటికి తీసుకుపొమ్మనీ, మనసు నెమ్మదించాక ఎప్పటిలాగే పంపమనీ వేణుగోపాల్ చెప్పాడు. ఎలాగూ వచ్చారు కాబట్టి ఈ నెల చందా రసీదు కూడా రాసి తెచ్చాడు.

నాగేశ్వరయ్య కూతురి వైపు చూశాడు. "ఇంటికి పోదామా పాపా?" అని మెల్లగా అడిగాడు.

"అయిదు దాకా ఈడే ఉంటా. నా పని టైము అయిదు దాకా."

లోపల గంగాధరప్ప ఇంకో చీటీ పట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాడు. వేణుగోపాల్ రసీదు ముందుకు చాపాడు. నాగేశ్వరయ్య దాన్ని అందుకోలేదు. నడుస్తున్న ఇంజను ఆపి, బండికి స్టాండు వేశాడు.