తెల్లది పొద్దున, గులాబీది రాత్రి

ఆ రోజు టీచరమ్మ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: కిటికీ పక్క కుర్చీలో, కుడి మణికట్టుకి పిండికట్టుతో టీచరమ్మ. వంటింటి తలుపుకి, ఆవిడ చెయ్యి అందనంత ఎత్తులో కొత్త గడియ బిగిస్తున్న ఆవిడ కొడుకు. కింద నిలబడి అతనికి స్క్రూలు ఒక్కొక్కటీ అందిస్తున్న కోడలు. నాలుగో మనిషి కత్తెరమ్మ. ఆమె ఆ ఇంటి మనిషీ కాదు, చుట్టమూ కాదు. చెప్పులు బయట విడిచి, పుస్తకాల సంచీ గుండెకి అదుముకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మందుల షాపులో పద్దెనిమిదేళ్లుగా మాత్రల స్ట్రిప్పులు కత్తిరిస్తోంది కాబట్టి ఆమెకి ఆ పేరు పడింది. నలభై మూడేళ్ల వయసులో ఫార్మసీ డిప్లొమాలో చేరింది. మధ్యాహ్నం దాకా కాలేజీ, సాయంత్రం నుంచి షాపు. చేరిన రోజున భర్త అన్నది ఒకే ఒక్క మాట: "ఎవరిని ఉద్ధరించడానికట?" తరవాత ఆ చదువు ఊసే ఎత్తలేదు. ఆమె పుస్తకం తెరిస్తే ఆయన టీవీ సౌండు పెంచేవాడు. కాలేజీలో పిల్లలు మంచివాళ్లే. "ఆంటీ, మీరు ముందు బెంచీలో కూర్చోండి, మీకు కనపడదేమో" అని దారి ఇచ్చి, వాళ్లు మాత్రం వెనక బెంచీల్లో గుంపుగా కూర్చునేవారు. ముందు బెంచీలో ఆమె ఒక్కతే. మధ్యాహ్నం డబ్బా మెట్ల మీద విప్పుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ తినేది. ఆ ఫోన్‌కి ఎవరూ చేసేవాళ్లు లేరు.

మొదటి ఏడాది కెమిస్ట్రీ తప్పింది. ఇంకో పది రోజుల్లో మళ్లీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే రెండో ఏడాదిలోకి రానివ్వరు. నాలుగు నెలల కిందట, తప్పిన దిగులులో ఉన్నప్పుడే, షాపుకి మందుల కోసం వచ్చిన టీచరమ్మ కౌంటరు మీదున్న పుస్తకం చూసింది. ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి.

"ఏం కత్తెరా, చదువుతున్నావా, ఈగలు తోలుతున్నావా?"

"తలకెక్కట్లేదు టీచరమ్మా."

"తలలో చోటు లేకపోతే కదా ఎక్కకపోవడానికి! రేపట్నించి షాపుకి వెళ్లేముందు మా ఇంటికి రా."

అలా నాలుగు నెలలు. రోజూ ఒక గంట. ఆ గంటలోనే కత్తెరమ్మ నోరు తెరిచి మాట్లాడేది, తప్పు చెప్పి తిట్లు తినేది, నవ్వేది. మిగతా ఇరవై మూడు గంటలూ ఆ ఒక్క గంటని పట్టుకునే గడిచేవి.

ఆ రోజు పొద్దున క్లాసులో లెక్చరరు రెండు స్ట్రిప్పులు ఎత్తి చూపించాడు. మందు ఒకటే, కంపెనీలు వేరు. ఒకదానిలో మాత్రలు తెల్లవి, ఇంకోదానిలో పసుపువి. "రంగు చెప్పి మందు ఇచ్చేవాడు ఫార్మసిస్టు కాడు. పేరు చెప్పండి, దేనికో చెప్పండి" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో "సార్, మా తాతకి రంగులు కూడా తెలీవు సార్" అంటే అందరూ నవ్వారు. కత్తెరమ్మ మాత్రం నవ్వలేదు.

ఎందుకంటే షాపు ఓనరు మొదటి రోజు ఆమెకి నేర్పింది రంగులే. పేర్లు ఎవరికీ గుర్తుండవు, రంగు చెప్పు చాలు అన్నాడు. కావలసినన్ని మాత్రలు కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క ఎటూ షాపులోనే మిగిలిపోతుంది. టీచరమ్మకీ అలాగే చెప్పింది. కళ్లలో శుక్లాలు ముదిరి అక్షరాలు అలుక్కుపోతున్న ఆవిడకి అదే వీలుగా ఉండేది. తెల్లది పొద్దున, బీపీకి. గులాబీది రాత్రి, నిద్రకి.

పోయిన నెల ఆ రెండూ అయిపోతే వేరే కంపెనీవి వచ్చాయి. మందులు అవే. ఆ సాయంత్రం కోడలు షాపుకి వచ్చింది. కత్తెరమ్మ ఒడిలో మర్నాటి టెస్టు నోట్సు ఉంది. ఒక కన్ను దాని మీదే ఉంచి, కత్తిరించి, పొట్లం కట్టి ఇచ్చింది.

"ఎలా వెయ్యాలి అక్కా?" అంది కోడలు.

"ఎప్పటిలాగే" అంది ఆమె.

క్లాసు అవగానే ఆమె షాపుకి పరుగెత్తింది. మిగిలిన ముక్కలు తీసి చూసింది. కొత్త కంపెనీవాళ్లకి బీపీది గులాబీ, నిద్రది తెలుపు. పాత కంపెనీ సరుకు మళ్లీ వచ్చి అరలో ఉంది. దాన్ని సంచీలో వేసుకుని ఇటు వచ్చింది.

"ఏం, గుమ్మానికి కాపలానా? లోపలికి రా" అంది టీచరమ్మ. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఇవాళ పాఠాలు లేవండి" అన్నాడు కొడుకు, గడియ మీంచి తల తిప్పకుండా. "ఇక ఎవరికీ లేవు. అమ్మ ఆరోగ్యం మీకు తెలిసిందే కదా."

తెలిసిందే. పాలు పొయ్యి మీద పెట్టి కుర్చీలో నిద్రపోతే గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. కోడల్ని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. పోయిన వారం పొద్దున్నే తూలి పడి మణికట్టు విరిగింది. మతిమరుపు రోగమని అందరూ తేల్చేశారు. అందుకే వంటింటికి గడియ.

కత్తెరమ్మ కిటికీ గూట్లో ఉన్న మందుల డబ్బా తీసి చూసింది. తెల్లవీ గులాబీవీ ఇంకా నాలుగేసి ఉన్నాయి. వాటిని పిడికిట్లో వేసుకుని సంచీలోవి డబ్బాలో పెట్టేస్తే చాలు. ఎవరూ చూడటం లేదు. వారంలో టీచరమ్మ తేరుకుంటుంది. దేవుడి దయ అనుకుంటారు. పది రోజుల్లో పరీక్ష. ఆ గంట మళ్లీ తనది.

ఆమె డబ్బా మళ్లీ గూట్లో పెట్టేసింది.

"టీచరమ్మా, మీకు రోగం లేదు. మందులు తారుమారయ్యాయి. నావల్లే."

స్క్రూడ్రైవరు ఆగింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. కొత్త కంపెనీ, రంగులు, పొట్లం, నోట్సు. ఏదీ దాచలేదు.

"అయ్యో, నేనే కదా తెచ్చాను!" కోడలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఎలా వెయ్యాలని అడిగాను కదక్కా! అడిగానా లేదా?"

"అడిగావమ్మా. తప్పు నీది కాదు."

"మందులిచ్చేది ఇలాగా?" కొడుకు స్టూలు దిగాడు. "చదువుకుంటున్నానని చెప్పుకుంటున్నారే, ఇదా చదువు? ఆవిడ తలకి తగిలుంటే? మీ మీద కేసు పెట్టాలి!"

"పెట్టండి. ముందు డాక్టరుగారికి ఫోన్ చెయ్యండి. జరిగింది చెప్పి, ఆయన్ని అడిగాకే మందు వెయ్యండి."

టీచరమ్మ చెయ్యెత్తింది. కొడుకు నోరు మూశాడు.

"తెల్లది దేనికి?" అంది, పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో.

"నిద్రకి టీచరమ్మా. పొద్దున వేసుకున్నారు."

"అందుకా రాత్రి కంటి మీద కునుకు లేదు. ఎన్నాళ్లు?"

"ఇరవై ఆరు రోజులు."

టీచరమ్మ పిండికట్టుని ఎడమచేత్తో ఒళ్లోకి లాక్కుంది.

"నిద్ర పట్టక ఏం చేసేదాన్నో తెలుసా? మూలకాల పేర్లు వల్లించుకునేదాన్ని. మతి ఉందో పోయిందో చూసుకోవడానికి. మొదట్లో యాభై దాటేవి. మొన్న పన్నెండు దగ్గర ఆగిపోయాయి. ఇక అయిపోయింది అనుకున్నాను. వీడు గడియ తెస్తానంటే తెచ్చుకోరా అన్నాను. నా వంటింటికి గడియ పెట్టడానికి నేనే ఒప్పుకున్నాను."

"టీచరమ్మా..."

"నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చున్నావు. ఈ ఇరవై ఆరు రోజులూ వచ్చావు. నేను తూలుతుంటే పుస్తకం మూసి, రేపొస్తానని వెళ్లిపోయావు. ఒక్కసారైనా ఏం మందు వేసుకుంటున్నారు అని అడగబుద్ధి కాలేదా?"

కత్తెరమ్మ అడగలేదు. తిట్లు తగ్గాయని, గంట తొందరగా అయిపోతోందని మాత్రమే అనుకుంది.

"చెప్పావు. అది మంచి పని. చెప్పకుండా మార్చేస్తే నాకు తెలిసేది కాదు" అంది టీచరమ్మ. మెల్లగా లేచింది. కోడలు పట్టుకోబోతే వద్దంది. గోడ ఆసరాతో నడిచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కత్తెరమ్మ బయటికి నడిచింది.

"రేపు..." అంది చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ. "రేపు ఒకసారి వచ్చి చూసి వెళ్తాను. పాఠానికి కాదు."

"వద్దు."

"ఎల్లుండి?"

"రావద్దు. కోపం తగ్గాక పిలుస్తానని కూడా చెప్పను. తగ్గుతుందో లేదో నాకే తెలీదు."

టీచరమ్మ ఎడమచెయ్యి చాపి తలుపు పట్టుకుంది. అలవాటు లేని చెయ్యి. తలుపు సగం వచ్చి ఆగింది. అవతలి నుంచి భుజం ఆనించి నెట్టిన చప్పుడు వినిపించింది. తలుపు మూసుకుంది.