చుక్కల పెట్ట కోసం పెట్టిన శాపం

మా సందులో కోడి పోతే ఎవరూ పోలీసుల దగ్గరికి వెళ్లరు. ఆ ఇంటి ఆడమనిషి కూరలు తరిగే చెక్క, కత్తి పట్టుకుని వీధిలోకి వస్తుంది. ఒక్కో వేటుకు ఒక్కో శాపం. దొంగ వినాలి, దొంగకు తగలాలి. దొంగే లేకపోతే ఆ శాపం పెట్టినవాళ్ల గుమ్మానికే తిరిగొస్తుందని మా ముసలమ్మలు చెప్పేవారు. కోపంలో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి!

లాన్‌యింగ్ వదినకైతే అసలే గుర్తుండవు. ఆమె కూతురు హుయిలింగ్ పట్నంలో మగపిల్లాణ్ణి కంది. బాలింతకు ముదురు పెట్ట పులుసు పోయకపోతే పుట్టింటి పరువేం కావాలి? అందుకనే చుక్కల పెట్టను అమ్మకుండా, కొయ్యకుండా, గద్దకీ తెగులుకీ దక్కకుండా కాపాడుకొచ్చింది. తీరా బయలుదేరే రోజున గూడు తలుపు తీస్తే మిగతావన్నీ ఉన్నాయి, చుక్కల పెట్ట లేదు.

"అడవిపిల్లి పట్టుకుపోతే ఈకలన్నా రాలేవి. ఇది రెండు కాళ్ల పిల్లి పనే," అంది.

"ముందు మన కొట్టంలో చూడవే," అన్నాడు మొగుడు దెషెంగ్.

"నా ఇల్లు నాకు తెలీదా? పోయి నీ చుట్ట కాల్చుకో!"

సరిగ్గా అప్పుడే పక్కింటి సుమేయ్ అక్క వంటింట్లోంచి కోడీ అల్లం కలిసి ఉడుకుతున్న వాసన వచ్చింది. ఇంకేముంది! వదిన చెక్కతో సహా ఆ ఇంటి ముందు చతికిలబడింది.

"నా పెట్టను తిన్నవాళ్ల నోట్లో పుళ్లు పడ!" ఠక్. "వాళ్ల కడుపు చెడ!" ఠక్. "వాళ్లింట పసిబిడ్డ ఏడుపు వినపడకుండా పోనూ!"

ఆ మాటకు మాకే ఒళ్లు ఝల్లుమంది. సుమేయ్ అక్క కోడలు యున్‌కు అప్పటికే రెండు కడుపులు పోయాయి. మూడోది నిలబడుతుందని అందరం చూస్తున్నాం. ఆ పిల్ల అరుగు మీదే కూర్చుని ఉంది. సుమేయ్ అక్క బయటికొచ్చి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి తలుపేసింది.

"చూశారా! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది!" అంది వదిన. కొందరం నవ్వాం కూడా. మాకు సిగ్గుండొద్దూ?

వదిన వేరే పెట్టను పట్టుకుని పట్నం వెళ్లింది. మనవణ్ణి ఎత్తుకుని మురిసిపోయి, మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది. మర్నాడు పొయ్యిలోకి చిక్కుడు కట్టె తేవడానికి కొట్టంలోకి వెళ్లిందట. కట్టెల మోపుల వెనక, పాత చేట కింద, చుక్కల పెట్ట రెక్కలు విప్పుకుని బుస్సుమంది. దాని కిందనుంచి పసుపుపచ్చ తలలు తొంగిచూశాయి. అన్నాళ్లూ అది అక్కడే గుడ్లు పొదుగుతూ ఉంది.

"చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అన్నాడు దెషెంగ్. "పోయి చెప్పు."

"ఎలా చెప్పను? దొంగ లేడని చెబితే ఆ శాపం ఎవరింటికి తిరిగొస్తుంది? నా మనవడి మీదికి కాదూ?"

వదిన తన తల తానే మొత్తుకుంది. చివరికి పెట్టనూ పిల్లల్నీ బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి, పుట్టింటి ఊళ్లో వదిలేసి వద్దామని బయలుదేరింది. సందు మలుపులో యున్ ఎదురైంది. వదినను చూడగానే ఆ పిల్ల గోడకు అంటుకుపోయి, రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకుంది. కరిచే కుక్కను చూసి తప్పుకున్నట్టు తప్పుకుంది. అప్పుడే బుట్టలోంచి పిల్లలు కిచకిచమన్నాయి.

వదినకు తల తీసేసినట్టయింది. "ఆ క్షణం నేల చీలి నన్ను మింగేస్తే బాగుండునే," అని తర్వాత నాతో చెప్పింది. ఇంటికెళ్లి బుట్ట దించి, చెక్కా కత్తీ తీసుకుని, పెట్టను చంకలో పెట్టుకుని సుమేయ్ అక్క గుమ్మం ముందు నిలబడింది.

"పెట్ట మా కొట్టంలోనే ఉంది," అని గొణిగింది.

తలుపు తెరుచుకుంది. "అలా గొణిగితే ఎవరికి వినపడుతుంది, లాన్‌యింగ్? ఆ రోజు కొండవతలికి వినిపించావు. నా కోడలు లోపలి గదిలో ఉంది. గట్టిగా చెప్పు."

వదిన కత్తి ఎత్తింది. "దొంగ లేడు! నా పెట్ట నా ఇంట్లోనే ఉంది!" ఠక్. "పాపిష్టి నోరు నాది! ఆ శాపం నాకే తగలాలి, నా ఒక్కదానికే! ఏ బిడ్డకూ తగలకూడదు!" గొంతు జీరబోయే దాకా అరిచింది. సందులో ఎవరూ నవ్వలేదు.

తర్వాత చెక్కా కత్తీ కింద పెట్టి, పెట్టను రెండు చేతులతో ముందుకు చాపింది. "అక్కా, దీన్ని నీ కోడలికి వండిపెట్టు."

"ఆ రోజు కోసింది నా పెట్టనే," అంది సుమేయ్ అక్క. "కోడలికి ఒంట్లో నీరసంగా ఉంటే వండాను. నువ్వు అరిచాక ఒక్క గుక్క కూడా తాగలేదు. గిన్నెడు పులుసూ పారబోసింది."

వదిన చేతులు అలాగే చాపి ఉన్నాయి.

"దీన్ని ఇంటికి తీసుకుపో," అంది సుమేయ్ అక్క. "పిల్లల తల్లిని మా ఇంట్లో కొయ్యం."

తలుపు మూసుకుంది. పక్కనే వదిన ఇంట్లో, బుట్టలోని కోడిపిల్లలు తల్లి కోసం అరుస్తూనే ఉన్నాయి. చేతుల్లో పెట్ట గింజుకుంటున్నా లాన్‌యింగ్ వదిన అక్కణ్ణుంచి కదల్లేదు.