తిట్లు ఆగిపోయిన వారం

ఆ బ్యాలే తరగతిలో తిట్లు తినడమే గొప్ప. బయటివాళ్ళకి ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది గానీ లోపలి పిల్లలందరికీ తెలుసు. మేడమ్ ఎవరి మోకాలి మీద కర్రతో తట్టి "ఇది కాలా, రోకలా?" అని అరుస్తుందో, ఆ పిల్ల మీద ఆవిడకి ఆశ ఉన్నట్టు. ఎవరి పక్కనుంచి పెదవి విప్పకుండా వెళ్ళిపోతుందో, ఆ పిల్ల ఇక మూటాముల్లె సర్దుకోవచ్చు.

అలాంటి చోట పిచ్చుకకి తిట్లు ఆగిపోయాయి.

పొట్టిగా ఉండి, నేలమీద కాలు నిలవకుండా ఎగిరే పిల్ల కాబట్టి తరగతిలో అందరూ దాన్ని పిచ్చుక అనేవారు. దాని పక్కన, గోడ వెంట ఉన్న చెక్క కడ్డీ పట్టుకుని నిలబడే పొడుగుకాళ్ళ పిల్ల కొంగ. ఏడాది చివరి ప్రదర్శనలో వానపిల్ల వేషం ఈ ఇద్దరిలో ఒకరిదేనని అక్కడి గోడలకి కూడా తెలుసు. ఆ రోజు పెద్ద నాట్యబృందం వాళ్ళు వచ్చి చూస్తారు. వానపిల్ల నచ్చిందా, తమతో తీసుకుపోతారు. పిచ్చుకకి ఊహ తెలిసినప్పటినుంచీ ఉన్న కోరిక అదొక్కటే. ప్రదర్శన ఆదివారం; వేషం ఎవరిదో మేడమ్ ముందురోజు, శనివారం చెబుతానంది. అంతవరకూ ఇద్దరూ నేర్చుకోవాల్సిందే.

సోమవారం నుంచి మేడమ్ నోరంతా కొంగ మీదే. "మెడేదీ? మెడ ఇంట్లో మర్చిపోయి వచ్చావా? మళ్ళీ చెయ్!" అని కొంగని చెమటలు కక్కించేది. పిచ్చుక వంతు వచ్చేసరికి కళ్ళతో చూసి, తల పక్కకి తిప్పుకునేది. పిచ్చుక కావాలనే ఒకసారి మోచెయ్యి వంకరగా పెట్టింది. అయినా తిట్టు పడలేదు.

ఎందుకో దానికి వెంటనే తట్టింది. అంతకుముందు వారం బట్టలు మార్చుకునే గదికి దిగే మెట్ల మీద కాలు మడతపడి చీలమండ బెణికింది. చూసింది కొంగ ఒక్కతే. తువ్వాలు చన్నీళ్ళలో తడిపి కట్టింది కూడా అదే.

"మేడమ్‌కి చెప్పకే, నీకు దణ్ణం పెడతా," అంది పిచ్చుక.

"చెప్పన్లే," అంది కొంగ.

దెబ్బ తగిలిన కాలిని మేడమ్ వేదిక ఎక్కనివ్వదు. ఎంత ఏడ్చినా వినదు. అందుకే పిచ్చుక పళ్ళు బిగించి, మేజోడు కింద బిగుతుగా పట్టీ చుట్టుకుని ఎగురుతోంది. ఈ సంగతి మేడమ్ చెవిన పడిందంటే ఊదింది ఎవరు? ఇంకెవరు!

ఇంట్లో అమ్మమ్మ ఆ నిప్పుకి ఇంత గాలి విసిరింది. మనవరాలి కాలికి కాపడం పెడుతూ, "ఆ పిల్ల ఎందుకూరుకుంటుందే పిచ్చిమొహమా? దాని చోట నువ్వుంటే ఊరుకుంటావా?" అంది.

తనైతే ఊరుకోదు. ఆ సంగతి పిచ్చుకకి బాగా తెలుసు, అందుకే భయం రెట్టింపైంది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దలు. మంగళవారం కొంగ మేడమ్ గదిలోంచి తల వంచుకుని రావడం పిచ్చుక చూసింది. చాడీలు చెప్పిన మొహం అలాగే ఉంటుందనుకుంది. మర్నాడు కొంగ పక్కకి జరిగి, "కాలెలా ఉందే?" అని మెల్లగా అడిగింది.

"నీకెందుకు? మోసుకెళ్ళి ఇంకోసారి చెప్పడానికా?" అనబోయి మింగేసి, పిచ్చుక "బానే ఉంది," అంది. కొంగ నవ్వితే ఎగతాళిలా ఉంది, నవ్వకపోతే తప్పు చేసినట్టుంది. పాపం, కొంగ ఏ మొహం పెట్టుకుని బతకాలో ఎవరు చెప్పాలి!

శుక్రవారం కొంగ హాల్లో ఒక మూల కూచుని పాయింట్ షూస్ విప్పుతోంది. మునివేళ్ళ మీద నిలబడటానికి వేసుకునే ఆ గట్టి మొనల బూటులోంచి రక్తం మరకలున్న గుడ్డ బయటికొచ్చింది. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. దెబ్బకి దెబ్బ! గబగబా మేడమ్ గదిలోకి దూరింది.

"మేడమ్, కొంగ కాలికి దెబ్బ తగిలింది. మీకు తెలియకుండా దాస్తోంది. దాని మంచికే చెప్తున్నా."

మేడమ్ లేచి హాల్లోకి నడిచింది. "అందరూ నేలమీద కూచోండి. షూస్ తీయండి. మేజోళ్ళు కూడా."

అందరూ అన్న మాటలో తనూ ఉంటానని పిచ్చుకకి అప్పటిదాకా తట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఎడమకాలు గౌను కిందికి లాక్కుంది.

మేడమ్ కొంగ వేలు చూసింది. "బొబ్బ చితికింది. ఇది లేని కాలు ఈ గదిలో ఉందా?" అని ముందుకు కదిలి, పిచ్చుక ముందు మోకాళ్ళ మీద కూచుని పట్టీ తనే విప్పింది. చీలమండ నల్లగా కమిలి, నీరు పట్టి ఉంది.

చాలాసేపు మేడమ్ ఆ కాలిని వదల్లేదు.

"వానపిల్లవి నువ్వే," అంది చివరికి. ఆవిడ గొంతు అంత నీరసంగా ఎవరూ వినలేదు. "పోయిన ఆదివారమే అనుకున్నాను. వేషం ఇచ్చిన పిల్లని చివరి వారంలో తిట్టను. తిడితే ధైర్యం పోతుంది. నీకేదైనా అయితే నీ బదులు వేదిక ఎక్కడానికి కొంగని తయారుచేస్తున్నా. ఆ మాట దీనికి మంగళవారమే చెప్పాను, ఎవరితో అనొద్దన్నాను." కొంగ వైపు తిరిగింది. "దీని కాలి సంగతి నీకు తెలుసా?"

కొంగ నేలచూపులు చూస్తూ, "తెలుసు మేడమ్," అంది.

"రేపట్నుంచి వానపిల్ల నువ్వు," అని మేడమ్ లేచి వెళ్ళిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరే మిగిలారు. పిచ్చుకకి ఏడుపు రావాల్సింది, రాలేదు. సిగ్గొచ్చింది.

"వేషం నీది కాదని మంగళవారమే నీకు తెలుసు. ఒక్క మాటంటే నీదైపోయేది. ఎందుకు చెప్పలేదే?"

"చెప్పన్లే అన్నాగా," అంది కొంగ, అందులో అడగడానికేముందన్నట్టు.

పిచ్చుక ఒట్టి కాలు చేతుల్లో పట్టుకుని కూచుంది.

"నువ్వే చెప్పుంటే బాగుండేదే. నిన్ను తిట్టుకుంటూ ఇంటికి పోయేదాన్ని."